న్యూజెర్సీ ఊళ్లలో ఇల్లు: బడి, పన్ను, రైలు కలిపి గంపగుత్త బేరం

"బాబు వచ్చే ఏడు కిండర్‌గార్టెన్‌కి వస్తాడు, జూన్‌తో లీజు అయిపోతోంది. ఎడిసన్ చూడమంటారా, వెస్ట్ విండ్సరా, లివింగ్‌స్టనా?" న్యూజెర్సీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చలి తగ్గగానే ఈ ప్రశ్న మొదలవుతుంది. జవాబులూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకరు స్కూల్ రేటింగ్ పంపిస్తారు, ఇంకొకరు ప్రాపర్టీ టాక్స్ చెప్పి భయపెడతారు, మరొకరు న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి ఎన్ని నిమిషాలో చెబుతారు. అన్నీ నిజాలే. కానీ విడివిడిగా పోల్చుకుంటూ పోతే అసలు బేరం కనపడదు. ఈ ఊళ్లలో ఇల్లు, బడి, పన్ను, రైలు అన్నీ గంపగుత్తగా అమ్ముతారు. ఇది ఇచ్చి అది తీసెయ్యమంటే కుదరదు.

ముందు భూగోళం చూద్దాం. న్యూజెర్సీ నేల విస్తీర్ణం దాదాపు 19,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత అనంతపురం జిల్లా అంత. అందులో 564 మునిసిపాలిటీలు ఉన్నాయి. చాలావాటికి సొంత పోలీసు, సొంత ప్లానింగ్ బోర్డు, సొంత స్కూల్ డిస్ట్రిక్ట్ (అంటే ఆ ఊరి ప్రభుత్వ బడులు నడిపే విడి పరిధి). రోడ్డుకి ఇవతల ఒక ఊరు, అవతల ఇంకో ఊరు. ఇటు పిల్లలు ఒక బడికి, అటు పిల్లలు వేరే బడికి. బడుల ఖర్చులో పెద్ద భాగం ఆ ఊరి ఇళ్ల మీద వేసే ప్రాపర్టీ టాక్స్ నుంచే రావాలి. రాష్ట్రం మొత్తం మీద ఈ పన్నులో సగానికి పైగా బడులకే పోతుంది. సగటు ఇంటి పన్ను 2024లో మొదటిసారి ఏడాదికి 10,000 డాలర్లు దాటింది. మిల్‌బర్న్ లాంటి ఊళ్లలో సగటే 20,000 పైన.

కొత్తగా ఇల్లు చూసేవాళ్లు ఎక్కువగా తికమకపడేది పన్ను రేటు దగ్గర. ఒక ఊళ్లో రేటు 2 శాతం అని ఉంటుంది, పక్క ఊళ్లో 5 అని ఉంటుంది. రెండో ఊరు మరీ దారుణం అనుకుని వదిలేస్తారు. తేడా చాలావరకు లెక్క కట్టే పద్ధతిలో ఉంది. ఇళ్ల విలువను ఈమధ్యే తిరగగట్టిన ఊళ్లో పన్ను ఇప్పటి మార్కెట్ ధర మీద పడుతుంది. దశాబ్దాలుగా తిరగగట్టని ఊళ్లో ఇంటి విలువ పుస్తకాల్లో పాత ధరకే ఉండిపోతుంది. కావలసిన డబ్బు రావాలంటే రేటు పెంచక తప్పదు. అందుకని రేటు పక్కన పెట్టి, నిరుడు ఆ ఇంటికి వచ్చిన బిల్లు ఎంతో అడిగి, దాన్ని ఇప్పుడు అడుగుతున్న ధరతో భాగించాలి. ఉదాహరణకి 10 లక్షల డాలర్ల ఇంటికి 22,000 బిల్లు వస్తుంటే అసలు రేటు 2.2 శాతం. నెలకి 1,800 పైచిలుకు, అదీ మార్ట్‌గేజ్ కాకుండా. అప్పు మొత్తం తీరిపోయాక కూడా ఈ బిల్లు ఆగదు.

దీనికి తోడు ఫెడరల్ పన్ను లెక్క ఒకటి. 2018 నుంచి రాష్ట్ర, స్థానిక పన్నులు కలిపి 10,000 డాలర్లకు మించి మినహాయింపు లేకుండా పోయింది. న్యూజెర్సీలో ఇల్లున్నవాళ్లకి ఆ దెబ్బ గట్టిగా తగిలింది. 2025లో ఆ పరిమితిని 40,000కి పెంచారు, అయితే ఆదాయం 5 లక్షలు దాటితే అది తగ్గుతూ పోతుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే కుటుంబాలు ఇల్లు కొనేముందు ఈ లెక్క వేసుకోవాల్సిందే.

ఇక ఇంటి ధర. బడి ఖరీదు ఇంటి ధరలో ఎలా కలిసిపోతుందో చూడాలంటే ఎడిసన్ కంటే మంచి చోటు లేదు. అక్కడ రెండు హైస్కూళ్లున్నాయి. ఉత్తరం వైపు పిల్లలు జె.పి. స్టీవెన్స్‌కి, దక్షిణం వైపు పిల్లలు ఎడిసన్ హైకి వెళతారు. ఊరు ఒకటే, స్కూల్ బోర్డు ఒకటే, పన్ను రేటు ఒకటే. అయినా స్టీవెన్స్ వైపు ఇళ్లకి ధర ఎక్కువ పలుకుతుంది. లిస్టింగులో పడక గదుల లెక్కతో పాటు 'జె.పి. స్టీవెన్స్' అన్న పేరు కూడా రాస్తారు. వంటిల్లు పాతదైనా, బేస్‌మెంట్‌లో తేమ ఉన్నా ఆ పేరుకి ఆఫర్లు వచ్చిపడతాయి. అంటే ప్రభుత్వ బడి ఉచితం అన్నమాట ఇక్కడ సగమే నిజం. ఫీజు మార్ట్‌గేజ్‌లో కలిసిపోయింది, అంతే.

మరి ఆ బడి నిజంగా అంత మంచిదా? ఈ ప్రశ్న ఎవరూ సూటిగా అడగరు. రేటింగులకు ఆధారం చాలావరకు పరీక్షల మార్కులు. మార్కులు పిల్లల ఇంట్లో ఉన్న చదువుతో, ఆదాయంతో గట్టిగా ముడిపడి ఉంటాయి. బడి మీద పెట్టే ఖర్చొక్కటే కారణం అయితే న్యూవార్క్, ట్రెంటన్, క్యామ్డెన్ బడులు ఇంత వెనకబడి ఉండకూడదు. అబట్ కేసులో 1990లో రాష్ట్ర సుప్రీంకోర్టు, పేద పట్టణాల బడులకు సంపన్న శివార్లతో సమానంగా నిధులు ఇవ్వాలని తీర్పిచ్చింది. అలాంటి పట్టణాల జాబితా తర్వాత 31 డిస్ట్రిక్ట్‌లకి పెరిగింది. ఖర్చు దాదాపు సమానమైంది గానీ, ఎవరి పిల్లలు ఎక్కడ చదువుతున్నారన్నది మారలేదు. పిహెచ్‌డీలు, ఇంజనీర్లు, డాక్టర్లు ఒకేచోట చేరి, సాయంత్రం పిల్లల్ని లెక్కల క్లాసులకు పంపే ఊళ్లో రేటింగ్ పైన ఉండకపోతేనే ఆశ్చర్యపోవాలి. బడి గొప్పదై ఉండొచ్చు, కానీ రేటింగులో పదికి 9 అనే ఆ అంకెలో మన వాటా కూడా చాలా ఉంది. ఇల్లు కొంటున్నప్పుడు మనం డబ్బు పెట్టేది మనలాంటి పొరుగువాళ్ల మీద.

ఈ పొరుగు తనంతట తాను ఏర్పడలేదు. షార్ట్ హిల్స్‌నే తీసుకోండి. కిటికీ తెరలకు స్ప్రింగ్ రోలర్ కనిపెట్టి డబ్బు గడించిన స్టూవర్ట్ హార్ట్‌షార్న్ 1877లో, రైలు దారి పక్కన భూమి కొని, తనకి నచ్చిన రకం ఇళ్లతో ఒక ఆదర్శ గ్రామం కట్టడం మొదలుపెట్టాడు. చెట్లు, వంపులు తిరిగిన వీధులు, స్టేషన్. ఆ ముద్ర ఇప్పటికీ చెరగలేదు. షార్ట్ హిల్స్ విడి మునిసిపాలిటీ కాదు, మిల్‌బర్న్ టౌన్‌షిప్‌లో భాగం. 1996లో మిడ్‌టౌన్ డైరెక్ట్ రైళ్లు రాకముందు అక్కడివాళ్లు హోబోకెన్‌లో దిగి ఇంకో బండి పట్టుకునేవాళ్లు. తిన్నగా పెన్ స్టేషన్‌కి బండి పడగానే ఆ లైను పొడవునా ఇళ్ల ధరలు లేచాయి. పక్కనే ఉన్న లివింగ్‌స్టన్‌కి స్టేషనే లేదు. బస్సు పట్టుకోవాలి, లేదా పక్క ఊరి స్టేషన్‌దాకా కారులో పోవాలి. బడుల పేరు దాదాపు అంతే అయినా మిల్‌బర్న్‌తో పోలిస్తే ఇల్లు కాస్త అందుబాటులో ఉండడానికి అదొక కారణం. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి లివింగ్‌స్టన్ లాభం. వారానికి నాలుగు రోజులు మాన్‌హాటన్ పోవాల్సినవాళ్లు మాత్రం ఆ మిగిలిన డబ్బుకి బదులు రోడ్డు మీద గంటలతో, పోగొట్టుకున్న నిద్రతో కట్టుకుంటారు.

రైలు మీద నమ్మకం కూడా లెక్కలో వేసుకోవాలి. 2024 జులైలో, ఈ రైళ్లు నడిపే ఎన్‌జె ట్రాన్సిట్ ఛార్జీలు 15 శాతం పెరిగాయి. 2025 మేలో రైలు డ్రైవర్లు మూడు రోజులు సమ్మె చేస్తే బండ్లన్నీ ఆగిపోయాయి. 'పెన్ స్టేషన్‌కి 45 నిమిషాలు' అన్నది టైమ్‌టేబుల్ మాట. మంచు పడిన రోజు సంగతి అక్కడ ఏడాదిగా ఉంటున్నవాళ్లని అడగండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే జంట దగ్గరికి వస్తాను. వెస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో. రెండు వేరు వేరు టౌన్‌షిప్‌లు, వేరు కౌంటీలు కూడా. కానీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఒకటే. ఒకప్పుడు రెండూ పొలాలే. పాల డబ్బాల మీద బొమ్మగా అమెరికా అంతా తెలిసిన ఎల్సీ ఆవు ప్లెయిన్స్‌బరోలోని వాకర్ గార్డన్ డెయిరీదే. 1930లో గుండ్రంగా తిరిగే పాలు పితికే యంత్రం పెట్టింది అక్కడే. ఆ పొలాలు పోతున్నప్పుడు రెండు ఊళ్లూ రెండు దార్లు పట్టాయి. 1970లలో ప్లెయిన్స్‌బరో వేల అపార్ట్‌మెంట్లకి అనుమతి ఇచ్చింది. ఫాక్స్ రన్, హంటర్స్ గ్లెన్, క్వెయిల్ రిడ్జ్, రేవెన్స్ క్రెస్ట్ అన్న పేర్లు చెబితే, మధ్య న్యూజెర్సీలో కాపురం మొదలుపెట్టిన చాలా తెలుగు కుటుంబాలకి వెంటనే కళ్లముందు కదులుతాయి. రెండు సూట్‌కేసులతో దిగి, అద్దెకి చేరి, పిల్లల్ని అదే డిస్ట్రిక్ట్ బడిలో వేసినవాళ్లు ఎందరో. వెస్ట్ విండ్సర్ ఎక్కువగా పెద్ద స్థలాల్లో విడి ఇళ్ల దారి పట్టింది.

ఒకే డిస్ట్రిక్ట్, రెండు తలుపులు. ఒకటి నెల అద్దెతో తెరుచుకుంటుంది, ఇంకొకటి పెద్ద డౌన్ పేమెంట్‌తో. ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లు వచ్చి 40 ఏళ్లు దాటింది, ఆ బడులు రాష్ట్రంలో పైవరసలోనే ఉన్నాయి. అపార్ట్‌మెంట్లు వస్తే బడి చెడుతుంది అనేవాళ్లకి ఇంతకంటే దగ్గరి జవాబు ఏముంది?

అయినా ఊళ్లు కొత్త ఇళ్లంటే జంకుతాయి. రూట్ 1 పక్కన వెస్ట్ విండ్సర్‌లో పాత అమెరికన్ సయనమిడ్ కంపెనీ స్థలం 600 ఎకరాలకు పైగా ఉంది. అక్కడ దాదాపు 2,000 ఇళ్లు, దుకాణాలు కట్టాలని ఒక ప్రతిపాదన వచ్చింది. ఊరు ససేమిరా అంది. తర్వాత ఆ స్థలంలో భారీ గోదాములకు అనుమతి దొరికింది. లెక్క అర్థం కావడం కష్టం కాదు. ఇల్లు వస్తే బడికి పిల్లలు వస్తారు, ఖర్చు పెరుగుతుంది. గోదాము పన్ను కడుతుంది, పిల్లల్ని పంపదు. బడి ఖర్చు ఊరి ఆస్తి మీద వేసినంతకాలం ప్రతి ఊరూ ఇలాగే ఆలోచిస్తుంది. లారీల రద్దీ మాత్రం అందరికీ మిగులుతుంది.

ఈ తలుపులు ఎంత తెరవాలన్న పోరాటానికి న్యూజెర్సీలో పెద్ద చరిత్రే ఉంది. మౌంట్ లారెల్ అనే ఊళ్లో తరతరాలుగా ఉంటున్న నల్లజాతి కుటుంబాలు, తమ పిల్లలు అక్కడే ఉండగలిగేలా 36 అపార్ట్‌మెంట్లకు అనుమతి అడిగితే ఊరు కాదంది. ఆ కుటుంబాల తరఫున నిలబడ్డ ఎథెల్ లారెన్స్ పేరు ఈ రాష్ట్రంలో ఇళ్లు చూసుకునే ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సిన పేరు. 1975లో, మళ్లీ 1983లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి అందే ఇళ్లలో తన వంతు కట్టనివ్వకుండా జోనింగ్‌తో (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే ఊరి నిబంధనలతో) అడ్డుకునే హక్కు ఏ ఊరికీ లేదు. సంపన్న ఊళ్లు దారులు వెతికాయి. తమ వంతులో సగం దాకా డబ్బు రూపంలో పేద పట్టణాలకి ఇచ్చేసి చేతులు దులుపుకునే వీలు 2008 దాకా ఉండేది. 2024లో కొత్త చట్టం వచ్చింది, 2025 నుంచి ఊళ్లు కట్టనివ్వాల్సిన ఇలాంటి ఇళ్లకి పదేళ్ల కోటా మొదలైంది. మాంట్‌వేల్ లాంటి ఊళ్లు కలిసి దాని మీద కోర్టుకెక్కాయి. మిల్‌బర్న్‌లో మెయిన్ స్ట్రీట్‌లో ఇలాంటి 75 ఇళ్ల ప్రాజెక్టు మీద పెద్ద రగడ నడిచింది. ఇంతకీ మౌంట్ లారెల్‌లో ఆ ఇళ్లు చివరికి కట్టారు, వాటికి ఎథెల్ లారెన్స్ పేరే పెట్టారు. ప్రిన్స్‌టన్ సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాసీ బృందం ఏళ్ల తర్వాత లెక్క తీస్తే, చుట్టుపక్కల ఇళ్ల ధరలు ఆ కారణంగా పడిపోలేదు, నేరాలు పెరగలేదు.

ఆకర్షణకి ఇంకో ముఖం కూడా ఉంది. అదే వెస్ట్ విండ్సర్–ప్లెయిన్స్‌బరోలో 2015లో స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ తల్లిదండ్రులకి 16 పేజీల ఉత్తరం రాశారు. అంతకు ముందు విద్యా సంవత్సరంలో మిడిల్, హైస్కూల్ పిల్లల్లో 120 మందిని మానసిక ఆరోగ్య పరీక్షకి పంపాల్సి వచ్చిందని, 40 మంది ఆసుపత్రిలో చేరారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. హైస్కూళ్లలో మిడ్‌టర్మ్, ఫైనల్ పరీక్షలు తీసేశారు, కొన్ని రాత్రులు హోంవర్క్ లేకుండా చేశారు. తల్లిదండ్రులు రెండుగా చీలిపోయారు. మేం ఈ చదువు కోసమే కదా ఇక్కడికి వచ్చాం అన్నవాళ్లలో భారతీయ, చైనా కుటుంబాలు ఎక్కువ. వాళ్ల బాధని తేలిగ్గా తీసిపారేయలేను. ఇంటర్, ఎంసెట్ గండాలు దాటి వచ్చినవాళ్లకి పోటీ అంటేనే నిచ్చెన. కానీ వంద మంది టాపర్ల పిల్లలు ఒకే క్లాసులో కూర్చుంటే 90 మంది టాపర్లు కాలేరు. 'బెస్ట్ డిస్ట్రిక్ట్' అనే మాటలోనే ఆ టెన్షన్ కూడా ఉంది. బేరంలో అదీ వస్తుంది.

రోజు ఎలా గడుస్తుందన్నది రేటింగుల్లో ఉండదు. బుధవారం సాయంత్రం చూడండి. మూడున్నరకి పసుపు బస్సు వీధి మొగలో పిల్లల్ని దింపుతుంది. అరగంటలో ఒకరికి లెక్కల క్లాసు, ఇంకొకరికి ఈత. మధ్యలో ఏడు మైళ్లు, మధ్యలో రూట్ 1 సిగ్నళ్లు. కారులోనే పులిహోర డబ్బా, కారులోనే స్పెల్లింగులు. న్యూజెర్సీలో 17 నిండితే గానీ ఒంటరిగా కారు నడపనివ్వరు. ఆ వచ్చిన కొత్త లైసెన్సుకి నంబర్ ప్లేట్ మీద చిన్న ఎర్ర స్టిక్కర్ అంటించాలి. అప్పటిదాకా పిల్లల కాళ్లు అమ్మ కారే. మీటింగుకి కెమెరా ఆపి పార్కింగ్ లాట్‌లో కూర్చున్న అమ్మల్ని ఏ ఈతకొలను దగ్గర చూసినా కనిపిస్తారు.

ఊళ్ల మధ్య అసలు తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. ప్రిన్స్‌టన్‌లో నాసౌ (Nassau) స్ట్రీట్ చుట్టూ ఉండే పిల్లవాడు లైబ్రరీకి నడిచి పోతాడు. వెస్ట్ విండ్సర్ లోపలి వీధిలో పెద్ద ఇంట్లో ఉన్న పిల్లవాడికి గది పెద్దది, వెళ్లడానికి చోటు లేదు. మరి ఆరు నెలలకని గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన అమ్మానాన్నల సంగతి? ఇల్లు చూసేటప్పుడు వాళ్ల కళ్లతో చూసేవాళ్లు తక్కువ. ఫుట్‌పాత్ ఉందా? పొద్దున్నే నాన్న నడిచి పాలు తేగలిగే దూరంలో కొట్టు ఉందా? ఎడిసన్, ఐసలిన్ కలిసే ఓక్ ట్రీ రోడ్డు దగ్గర ఇల్లు చిన్నది, రద్దీ ఎక్కువ, కానీ అత్తయ్య కరివేపాకు కొనుక్కొచ్చి పక్క వీధి ఆవిడతో మాట్లాడి వస్తుంది. ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ల మధ్య దారుల్లో సాయంత్రం నాలుగు భాషల్లో పెద్దవాళ్ల కబుర్లు వినిపిస్తాయి. నాలుగు బెడ్‌రూముల విడి ఇంట్లో అదే పెద్దాయన కిటికీ దగ్గర కూర్చుని, మనం ఎప్పుడు లాగాఫ్ అవుతామా అని చూస్తాడు. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వారాంతం దాకా ఆగాలి.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఇంకో బరువుంది. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక దేశానికి 7 శాతం మించకూడదన్న పరిమితి వల్ల గ్రీన్ కార్డు వరస ఏళ్లూ పూళ్లూ సాగుతోంది. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండడానికి గడువు 60 రోజులే. అలాంటప్పుడు 'ఏ ఊరు బెస్ట్' అన్నదాని కంటే, అవసరమైతే ఎంత తొందరగా అమ్మగలం, ఎంత నష్టంతో అన్నది ముందు అడగాలి. అద్దెకి ఉంటూ అదే డిస్ట్రిక్ట్‌లో చదివించే వీలున్న ఊళ్లు అందుకే మనవాళ్లకి అంత విలువైనవి. ఏ జోనింగ్ అధికారీ మన గురించి ఆలోచించి కట్టించలేదు, కానీ ఆ అపార్ట్‌మెంట్లు లేకపోతే ఎన్నో కుటుంబాలకి ఆ బడి గుమ్మం దొరికేది కాదు.

ఆ గుమ్మం దాటినవాళ్లే, సొంత ఇల్లు కొన్నాక, కొత్త అపార్ట్‌మెంట్లు వద్దు అనడం నాకు బాధగా ఉంటుంది. ట్రాఫిక్ పెరుగుతుంది, క్లాసులు నిండిపోతాయి అన్న భయాలు ఉత్తివి కావు. వాటికి కొత్త గదులు, కొత్త బస్సులు, రాష్ట్రం నుంచి నిధులు అడగాలి. ఇప్పుడు ఊళ్లు 2035 దాకా తమ వంతు ఇళ్లకి చోటు చూపించాల్సిన కాలం నడుస్తోంది. ఏ స్థలంలో, స్టేషన్‌కి ఎంత దూరంలో, ఎన్ని ఇళ్లు అన్నది టౌన్‌షిప్ హాల్లో సాయంత్రం పూట జరిగే ప్లానింగ్ బోర్డు మీటింగుల్లో తేలుతుంది. గ్రీన్ కార్డు రానివాళ్లకి, వచ్చినవాళ్లకి కూడా ఓటు లేదు. కానీ ఈ మీటింగుల్లో పబ్లిక్ కామెంట్‌కి పౌరసత్వం అడగరు. ఎజెండా ముందే టౌన్‌షిప్ వెబ్‌సైట్‌లో పెడతారు. మైకు దగ్గర పేరు, చిరునామా చెప్పి, ఆ చిరునామా ఫాక్స్ రన్‌లో అద్దె ఇల్లైనా సరే, మాట్లాడొచ్చు.